చిత్రయాత్రలో గురువు

వేసవి సెలవులలో తీర్థయాత్రలకు పోయేవారు, బంధువుల యిండ్లకు చుట్టపుచూపుగా పోయేవారు, చల్లని కొండలకు పోయేవారు తెలుగునాట ఎప్పుడూ ఉన్నారు. పాశ్చాత్య దేశాలలో వీటికితోడు మరొక విధమైన యాత్ర చాలకాలంగా వాడుకలో ఉన్నది. పదిమందో పదిహేనుమందో జట్టుగా కూడి, ఒక చిత్రకారుని గురువుగా పెట్టుకొని, రంగులపెట్టె, కుంచెలు, కాగితాలు వెంటబెట్టుకొని పరదేశానికి పోతారు. వారం పదిరోజులు ఒకే ఊరిలో మకాం. ఉదయం గురువు ఒక వీధి మొగదల కూర్చుండి, అందరూ చూస్తుండగా నీటిరంగులతో ఒక చిత్రం వేస్తాడు. తరువాత శిష్యులు తలా ఒకచోట మడతకుర్చీ వేసుకొని తమ చిత్రం తాము వేసుకుంటారు. గురువు ఒక్కొక్కరి వద్దకూ వచ్చి మంచిచెడ్డలు చెబుతాడు. సాయంత్రం బసకు చేరిన తరువాత ఆనాటి చిత్రాలన్నీ వరుసగా పరచి చర్చిస్తారు. ఇట్లా పోయేవారందరూ చిత్రకళ వృత్తిగా కలవారు కారు. ఉద్యోగం విరమించిన ఉపాధ్యాయులు, వైద్యులు, గుమాస్తాలు, గృహిణులు కూడా ఈ జట్లలో చేరుతుంటారు.

పిల్లలు అమెరికాలోనో ఇంగ్లండులోనో స్థిరపడగా, వారిని చూడబోయి నెలల తరబడి అక్కడ ఉండివచ్చే తల్లిదండ్రులు నేడు తెలుగుదేశంలో ఊరూరా ఉన్నారు. కనుక ఇటువంటి యాత్రవల్ల ఒరిగేదేమిటి అన్న ప్రశ్న తెలుగు పాఠకునికి పరాయిది కాదు. అంతేకాదు. ఆ ప్రశ్న లోపల బడిపంతులుకు సంబంధించిన మరొక ప్రశ్న దాగి ఉన్నది. శిష్యునికి గురువు ఇవ్వవలసినది తన చేతి నేర్పునా, తన చూపునా? చిత్రయాత్ర సఫలమయ్యేదీ, సొమ్ము దండుగయ్యేదీ ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానాన్ని బట్టియే.

ఇటువంటి యాత్రలకు పేరుపడిన ఊళ్లలో ఇటలీలోని వెనిస్ నగరం ఒకటి. అక్కడ వీధులకు మారు కాలువలు, బండ్లకు మారు పడవలు. పెద్ద కాలువ సముద్రపు కయ్యలో కలిసేచోట సాల్యూతే దేవాలయం ఉన్నది. 1630లో వచ్చిపడిన మహమ్మారి తొలగిపోవాలని మొక్కుకొని నగరవాసులు కట్టించినది అది. నిర్మాణం 1631లో మొదలై 1687లో ముగిసింది. దాని తెల్లని గుమ్మటాన్ని చిత్రించబూనినవానికి మొట్టమొదట తెలిసివచ్చే విషయం, ఆ తెలుపు ఒక్కటి కాదని. ఉదయపు నీడవైపున అది లేతనీలం. ఎండ తగిలినచోట మీగడరంగు. పొద్దువాలేవేళ నీటినుండి ఎగసిన వెలుగు తగిలి అడుగుభాగాన పచ్చబారుతుంది. ఇవన్నీ ఆ గుమ్మటం మీద లోగడ లేక ఆనాడే పుట్టినవి కావు. ముందురోజు పడవ దిగి దాని యెదుట నిలిచి చూచినప్పుడు కూడ అవి ఉన్నవే. చూచే కన్ను లేకపోయినదంతే.

నీటిరంగుల పద్ధతిలోనే ఈ చూపును బలవంతపెట్టే గుణం ఉన్నది. ఈ పద్ధతిలో సామాన్యంగా తెల్లరంగు పూయరు. కాగితపు తెలుపే చిత్రంలోని వెలుగు. అందుచేత రంగు ఎక్కడ వేయాలో ఆలోచించడానికి ముందు, ఎక్కడ వేయరాదో నిశ్చయించుకోవాలి. లేతపూత మొదట వేయాలి, ముదురుపూత తరువాత వేయాలి. మొదటి పూత తడి ఆరకముందే రెండవది వేస్తే రెండూ ఒకదానిలో ఒకటి పాకిపోతాయి. ఆరేవరకు ఆగితే ఈలోగా ఎండ జరిగి నీడలు మారిపోతాయి. తడిగా ఉన్నప్పుడు సరిగా కనబడిన రంగు ఆరిన తరువాత వెలవెలబోతుంది. ఇన్ని చిక్కులకు లోబడి ఒక్క చిత్రం పూర్తిచేయడానికి కనీసం గంట, రెండు గంటలు ఒకే తావున కూర్చోవాలి. ఆ రెండు గంటలలో కాలువనీరు ఒక మెట్టు దిగుతుంది. గోడల అడుగున ఆటుపోట్లు వదలిన పచ్చని నాచు అంచు బయటపడుతుంది. కూరగాయలు తెచ్చే పడవ వస్తుంది, పోతుంది. ఎదురింటి మేడమీద ఒక ముసలామె తడిబట్టలు తీగమీద ఆరవేస్తుంది. యాత్రికునికి అంతవరకు బొమ్మగా ఉన్న ఊరు మనుషులు కాపురముండే ఊరుగా మారడానికి ఆ రెండు గంటలూ కావలసినవే.

చేతిలో కెమెరా ఉండగా ఈ శ్రమ ఎందుకని అనేవారున్నారు. ఈ ఆక్షేపణ ఎంత పాతదో గమనించదగినది. ఛాయాగ్రహణం పుట్టిన కొత్తలోనే, 1845లో, ఇంగ్లీషు రచయిత జాన్ రస్కిన్ వెనిస్ నగరంలో డాగెరోటైపులనే తొలితరపు ఛాయాచిత్రాలను సంతోషంతో కొన్నాడు. శిథిలమవుతున్న కట్టడాల వివరాలను తప్పు లేకుండా పట్టి యిచ్చే సాధనంగా వాటిని మెచ్చుకున్నాడు. అయినా ఆయన పెన్సిలు కిందపెట్టలేదు. 1851 నుండి 1853 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన వెనిస్ గ్రంథం వెనుక, స్తంభాల తలలను, కిటికీల వంపులను ఒక్కొక్కటిగా కొలిచి గీసుకున్న పుటలు ఎన్నో ఉన్నవి. ఛాయాచిత్రం వస్తువును దాచిపెడుతుంది, గీత గీసినవాడు దాన్ని తెలుసుకుంటాడు. ఈ రెండు పనులకూ వైరం లేదు. ఒకటి చేసినంతమాత్రాన రెండవది జరిగినట్లు కాదు.

ఇక గురువు సంగతి. గురువు వెంటనున్న చిత్రయాత్రలకు ఆద్యులనదగినవారిలో ఒకడు బడిపంతులే కావడం విశేషం. విలియం గిల్పిన్ ఇంగ్లండులో చీమ్ అనే ఊరి పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. క్రైస్తవ మతాచార్యుడు కూడా. 1770 వేసవిలో ఆయన ఇంగ్లండు, వేల్సు సరిహద్దులలో పారే వై నది మీద పడవలో ప్రయాణించాడు. ఆ అనుభవాలను చిత్రాలతో కూర్చి 1782లో గ్రంథంగా ప్రకటించాడు. ప్రకృతిలో చిత్రానికి తగిన దృశ్యమేది, తగనిదేది అని ఆ గ్రంథం సూత్రీకరించింది. దానిని చేతబట్టుకొని జనం ఆ నది మీదకు పోసాగారు. రాస్ పట్టణం వద్ద పడవ ఎక్కితే రెండురోజులకు చెప్‌స్టో చేరుతుంది. పడవలలో చిత్రాలు వేసుకొనడానికి, వ్రాసుకొనడానికి బల్లలు అమర్చి ఉండేవి. ఆ కాలంలోనే ఇంగ్లండులో రీవ్స్ సోదరులు తయారుచేసిన గట్టి రంగుబిళ్లలకు 1781లో కళాసంఘం వారి బహుమానం వచ్చింది. అంతకుముందు రంగు పొడులను నూరి జిగురు కలుపుకోవలసిన శ్రమ ఉండేది. ఇప్పుడు జేబులో పట్టే పెట్టె, చెంబెడు నీళ్లు ఉంటే చాలును. నేడు వెనిస్ కాలువ గట్టున కూర్చున్న జట్టుకు ముత్తాతలు ఆ పడవలోని వారే.

గిల్పిన్ చేసిన మేలు చిన్నది కాదు. స్వదేశంలోని ఒక నదిని, దాని ఒడ్డులను ఓపికగా చూడడం సామాన్యులకు నేర్పినవాడాయన. తన చిత్రాలు అమ్మగా వచ్చిన సొమ్మును తాను మతాచార్యుడుగా ఉన్న బోల్డర్ గ్రామంలోని బడికి నిధిగా ఏర్పరచిన ఉదారుడు. కాని ఆయన పద్ధతిలో ఒక లోపం ఉన్నది. సూత్రం ముందు పుట్టి దృశ్యం దానికి లొంగవలసి వచ్చింది. వై నది ఒడ్డున టింటర్న్ అనే పాతకాలపు మఠం శిథిలమై ఉన్నది. దాని గోడకొనలు మరీ తీరుగా ఉండి కంటికి ఇంపుగా లేవనీ, ఒక సుత్తెను నేర్పుతో ప్రయోగిస్తే బాగుపడతాయనీ గిల్పిన్ వ్రాశాడు. హాస్యానికే అన్నాడనుకున్నా, ఆ మాట వెనుకనున్న మనస్సు స్పష్టమే. అదే మఠపు గోడల నడుమ గుడిసెలు వేసుకొని బ్రతుకుతున్న బిచ్చగాండ్రను ఆయన చూచాడు. నడవలేక నడుస్తూ తన నివాసం చూపించిన ఒక పేదరాలిని గురించి వ్రాశాడు కూడా. అయితే ఆయన సూత్రాలు కంఠస్థం చేసి వచ్చిన వారికి గోడకొనల తీరు కనబడినంతగా ఆ పేదరాలు కనబడి ఉండునా?

ఆ కాలపు యాత్రికుల చేతిలో క్లాడ్ అద్దమని ఒక సాధనం ఉండేది. పదిహేడవ శతాబ్దిలోని ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ లొరేన్ పేరు దానికి పెట్టారు. అది నలుపు పూసిన కుంభాకారపు చిన్న అద్దం. యాత్రికుడు దృశ్యానికి వీపు చేసి నిలబడి, ఆ అద్దంలో పడిన ప్రతిబింబాన్ని చూచి ఆనందించేవాడు. రంగులు కాస్త మసకబారి, అంచులు మెత్తబడి, కొండ, నది, చెట్టు క్లాడ్ వేసిన చిత్రంవలె కనబడేవి. దృశ్యానికి వీపు చేసి చేతిలోని పలకలో తమ ముఖంతోపాటు దాన్ని చూచుకొనే నేటి యాత్రికులకు ఆ అద్దాన్ని ఎగతాళి చేసే అర్హత లేదు.

గురువుతో పోయే చిత్రయాత్రలో పొంచివున్న ప్రమాదం ఇదే. గురువే క్లాడ్ అద్దం కావచ్చును. ఆకాశానికి ఈ నీలం, నీడకు ఈ ఊదా, నీటికి ఈ మూడు గీతలు అని ఆయన ఉదయం వేసి చూపుతాడు. శిష్యులు గుమ్మటాన్ని చూడడం మాని ఆయన కాగితాన్ని చూస్తారు. సాయంత్రం బల్లమీద పదిహేను చిత్రాలు పరిస్తే పదిహేనూ ఒకే చిత్రానికి నకళ్లు. అందరికీ సంతోషమే, ఇంటికి తీసుకుపోయి గోడకు తగిలించుకొనడానికి ముచ్చటైన బొమ్మ తయారైనది గదా. వెనిస్ మాత్రం వారిలో ఒక్కరూ చూడలేదు.

దీనికి భిన్నమైన గురుత్వం ఎట్లా ఉంటుందో రస్కిన్ జీవితమే చూపుతుంది. 1854లో లండనులో శ్రామికుల కళాశాల స్థాపించినప్పుడు ఆయన అక్కడ చిత్రలేఖనం బోధించడానికి పూనుకున్నాడు. పగలంతా పనిచేసి సాయంత్రం వచ్చే కార్మికులు ఆయన విద్యార్థులు. 1857లో ప్రారంభకులకు మూడు లేఖల రూపంలో పాఠ్యగ్రంథం వ్రాశాడు. అందులోని తొలి అభ్యాసాలలో ఒకటి, దారిలో దొరికిన గుండ్రని రాయిని ఎదుట పెట్టుకొని వెలుగునీడలతో గీయడం. పేరుపొందిన భవనమూ కాదు, రమణీయమైన జలపాతమూ కాదు. వడ్రంగిని చిత్రకారునిగా మార్చడం తన ఉద్దేశం కాదనీ, వడ్రంగిగానే అతడు మరింత ఆనందంగా ఉండగలగడం తనకు కావలసినదనీ ఆయన చెప్పుకున్నాడు. చిత్రం బాగా రావడం కంటె చూపు బాగుపడడం ముఖ్యమని నమ్మిన గురువు ఇట్లాగే మాట్లాడగలడు.

తెలుగునాట కూడ ఇందుకు సాక్ష్యమున్నది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో రాజమహేంద్రవరపు కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండేవాడు. స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. పరదేశానికి వచ్చి గోదావరిని, పల్లెలను, మనుషులను చూచి చిత్రించినవాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన ప్రోత్సాహం పొందినవారు. రామారావు 1916లో బొంబాయి కళాశాలకు చదువబోవడం వెనుక ఆయన పూనిక ఉన్నది. ఆ గురువు తన చేతిని శిష్యుని కిచ్చి ఉంటే రాజమహేంద్రవరంలో మరొక చిన్న ఆంగ్ల చిత్రకారుడు తయారయ్యేవాడు. అట్లా జరుగలేదు. 1897లో పుట్టి 1925లోనే కన్నుమూసిన రామారావు చిత్రాలలో కనబడేది తెలుగు మనుషులు, తెలుగు నేల. శిష్యుని చూపును అతని ఊరివైపే మరలించిన విదేశీయుని ఋణం తెలుగు చిత్రకళ ఎన్నటికీ తీర్చుకోలేదు.

గురువువల్ల ఇంత ప్రమాదముంటే ఒంటరిగానే పోవచ్చును గదా అని అడుగవచ్చు. నేర్పు గలవారు అట్లాగే పోయారు. ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ 1819లో మొదటిసారి వెనిస్ చూచినప్పుడు అక్కడ గడిపినది కొద్ది రోజులే. ఆ కొద్ది రోజులలో పెన్సిలు గీతలతో పుస్తకాలు నింపుకున్నాడు. రంగులతో వేసినవి కొన్ని మాత్రమే. కాని మొదటిసారి కుంచె పట్టిన మనిషికి గురువు అవసరం ఉన్నది. ఎండకు వీపు చేసి కూర్చోవాలా, నీడలో కూర్చోవాలా అన్నది మొదలు, ఎదుటనున్న వేయి వస్తువులలో దేన్ని విడవాలి అన్నదానివరకు చెప్పేవారుంటే వారం రోజుల తడబాటు ఒక పూటలో తీరుతుంది. జట్టువల్ల మరొక ప్రయోజనమున్నది. నలుగురూ తిరిగే వీధిలో కూర్చుండి బొమ్మ వేయడానికి సిగ్గు అడ్డువస్తుంది. ఆడవారికి ఆ ఇబ్బంది మరీ హెచ్చు. పదిమంది మధ్య ఉన్నప్పుడు ఆ సిగ్గు తొలగుతుంది. ఒకసారి తొలగితే స్వగ్రామంలో ఒంటరిగా కూర్చొనే ధైర్యం కూడ రావచ్చును.

ఇది ధనికుల వేడుక అన్న ఆక్షేపణలో నిజం లేకపోలేదు. విమానపు ఖర్చు, బస, గురుదక్షిణ కలిపితే బడిపంతులు జీతానికి అందే సంగతి కాదు. పైగా యాత్రికుల తాకిడికి వెనిస్ వంటి ఊళ్లు విసిగి ఉన్నవి. పగటిపూట వచ్చి పోయేవారినుండి ఎంపికచేసిన కొన్ని రోజులలో ఐదు యూరోల రుసుము వసూలు చేయడం ఆ నగరం 2024లో మొదలుపెట్టింది. ఒకరి గుమ్మానికి అడ్డంగా మడతకుర్చీలు వేసే జట్టు ఆ విసుగును పెంచుతుందే గాని తగ్గించదు. ఎవరి ఊరిని చూడబోయినారో ఆ ఊరివారికి దారి విడవడం చిత్రకారుని తొలి మర్యాద.

అయితే ఈ యాత్రలోని సారం పొందడానికి సముద్రాలు దాటవలసిన పని లేదు. 2007లో అమెరికాలోని సియాటిల్ నగరంలో గేబ్రియల్ కాంపనారియో అనే పత్రికా చిత్రకారుడు, ఉన్న ఊరిలోనే కూర్చుండి చూచినదాన్ని చూచినట్లు గీసేవారిని ఒకచోట చేర్చాడు. అర్బన్ స్కెచర్స్ అనే పేరుతో అది నేడు అనేక దేశాలకు వ్యాపించింది. పోయేది దూరదేశమా, వెనుకవీధియా అన్నది అందులో ప్రధానం కాదు. శాంతినికేతనంలో నందలాల్ బోస్ కూడ విద్యార్థులను వెంటబెట్టుకొని చుట్టుపట్ల పల్లెలకు, దూరపు క్షేత్రాలకు బొమ్మలు వేయడానికి తీసుకుపోయేవాడు. 1924లో రవీంద్రునితో కలిసి చైనా, జపాను చూచివచ్చిన ఆ గురువు, తరువాత కూడ సంతాల్ గ్రామాలను విడువలేదు.

ఇక్కడ తెలుగునాటి బడుల సంగతి చెప్పక తప్పదు. ఏ బడిలోనైనా పిల్లవానికి కాగితం ఇచ్చి దృశ్యం వేయమంటే ఏమి వేస్తాడో అందరికీ తెలిసినదే. రెండు త్రికోణాల కొండలు, వాటి నడుమ సగం సూర్యుడు, కిందికి పారే నది, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, పైన నాలుగు పక్షులు. కనుచూపుమేరలో గుట్టయినా లేని కోనసీమ పిల్లవాడు అదే వేస్తాడు. నది యెరుగని అనంతపురం పల్లె పిల్లవాడూ అదే వేస్తాడు. నల్లరాతి గుండ్ల నడుమ పుట్టి పెరిగిన తెలంగాణపు పిల్లవాడు ఆ గుండ్లను విడిచి త్రికోణాలు గీస్తాడు. ఎవరో ఎప్పుడో నల్లబల్లమీద వేసిన బొమ్మ తరతరాలుగా పిల్లల కండ్లకు క్లాడ్ అద్దమై కూర్చున్నది. చక్కగా వేశావని దానికి మార్కులు కూడ వేస్తున్నారు. కొన్ని బడులలో ఆ డ్రాయింగు గంటయినా మిగలక లెక్కలకో, ఇంగ్లీషుకో పోతున్నది.

వెనిస్ పోయి గురువు చిత్రానికి నకలు తెచ్చుకున్న యాత్రికునికీ, ఈ పిల్లవానికీ భేదం ప్రయాణపు ఖర్చులో మాత్రమే ఉన్నది. ఇద్దరికీ చిత్రం వేయడం నేర్పినవారున్నారు. చూడమని చెప్పినవారు లేరు.

కనుక పరదేశపు చిత్రయాత్రకు పోదలచినవారు పోవలసినదే. పోయేముందు ఒక నెల తమ ఊరి చెరువుగట్టునో, గుడి రాతిమెట్ల మీదనో కూర్చుండి, చేతనైనట్లు గీసుకొని పోవడం మేలు. ఏది కనబడుతున్నదో, ఏది చేతికి రావడం లేదో ఎరిగినవాడు గురువును అడగవలసిన ప్రశ్న అడుగుతాడు. యాత్రలో ప్రతిదినం ఒక్క పుటయైనా గురువు చూడనిది, గురువు వేయనిది ఉండాలి. చివరి రోజున శిష్యుల చిత్రాలు ఒకదానితో ఒకటి పోలకుండ వస్తే ఆ గురువు తన పని చేసినట్లు. అన్నీ ఆయన చిత్రంవలెనే ఉంటే, ఎంత అందంగా ఉన్నా ఆ సొమ్ము వృథా.

బడిపంతులుకు ఈపాటి యాత్ర ప్రతి శనివారం సాధ్యమే. వారానికి ఒక్క గంట పిల్లలను గది బయటకు తీసుకువచ్చి, ఆవరణలోని వేపచెట్టు నీడ నేలమీద ఏ రంగులో పడుతున్నదో చూడమనవచ్చును. నలుపు అని అందరూ అంటారు. మరికాస్సేపు చూడమనాలి. ఎవరో ఒక పిల్లవాడు ఊదా అంటాడు, మరొక పిల్ల మట్టిరంగులో నీలం కలిసినదంటుంది. అప్పుడు గురువు కుంచె తీసుకొని తాను వేసి చూపకుండ ఉండగలగాలి. అదే కష్టమైన పని.